జిద్దాల నేర్చుకున్న డంగు సున్నం

మాది నల్గొండ జిల్లా, దేవరకొండ దిక్కు. సౌదీకొచ్చి పదకొండేండ్లయితుంది, అండ్ల మొదటి ఏడేండ్లు సిమెంటు, షటరింగు తప్ప వేరే పని ముట్టలే. తర్వాత జిద్దాల బలద్ అని పాత ఊరుంటది, ఆడ పాత ఇండ్లు బాగుచేసే పనికి మా కంపెనీకెల్లి కొంతమందిని పంపిన్రు. మేస్త్రీ పనే కదా, గోడ ఏడున్నా గోడే అనుకుంట పోయిన.

గోడ మీద చెయ్యి పెట్టంగనే తెలిసింది అది మనకెరుకున్న రాయి కాదని. ఎర్ర సముద్రంల పగడపు దిబ్బలకెల్లి కోసిన రాయి, దగ్గరికి పోయి చూస్తే తేనెపట్టు లెక్క సన్నసన్న గడులుంటయి, గోరుతోని గీస్తే పొడి రాలుతది. గంత మెత్తటి రాయితోని నాలుగైదు అంతస్తులు ఎట్ల నిలబెట్టిన్రంటే గోడల నడుమనడుమ అడ్డంగ కర్ర దూలాలు పెట్టిన్రు, బరువు ఒక్కదగ్గరనే పడకుండ ఆపుతయి. ముందటికి రౌషన్‌లని చెక్క కిటికీలు, ఇంట్లోల్లకు బజారు కనబడ్తది గని బజారోల్లకు ఇల్లు కనబడదు. 2014ల యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాల పెట్టింది.

మాకు ట్రైనింగిచ్చింది ఈజిప్టు పెద్దాయన. మొదటి వారం ఒక్క రాయి పెట్టనియ్యలే, ఎన్కట ఎవరో పూసిన సిమెంటును చిన్న ఉలితోని గీకిపిచ్చిండు. సముద్రపు గాలిల తేమ, ఉప్పు రెండూ ఉంటయి, నేలకెల్లి కూడ గోడ నీళ్లు గుంజుతది, సున్నం పూత అయితే ఆ తేమను బయటికి పోనిస్తది, సిమెంటు పోనియ్యదు, ఇగ ఉప్పు లోపల్నే గడ్డకట్టి రాయిని పిండి చేస్తది. పైకి నున్నగనే ఉంటది, వేలితోని కొడితే డొల్ల సప్పుడొస్తది.

సున్నం కలిపే దినం కాల్చిన సున్నపురాయి నీళ్లల్ల వేస్తే బుసబుస పొంగింది, ఆ వాసనకు మా తాత యాదికొచ్చిండు. తాత డంగు సున్నం మేస్త్రి. గుండ్రటి కాలువల ఎడ్లతోని గానుగ రాయి తిప్పిచ్చి సున్నం, ఇసుక, ఇటుకపొడి నూరిచ్చేటోడు, కరక్కాయలు, బెల్లం నానేసిన నీళ్లు పోసేటోడు, ఇంత తీసి బొటనవేలికి చూపుడువేలికి నడుమ నలిపి అయిందో కాలేదో చెప్పేటోడు. నాకు బుద్ధి తెలిసేటాళ్లకు ఊర్ల సిమెంటు బస్తాలు దిగినయి. ఈ పెద్దాయన కూడ సరిగ్గ అట్లనే వేళ్ల నడుమ నలుపుతున్నడు. ఆ రాత్రి రూముకు పోయి ఫోన్ చేసిన, "నాయినా, తాత కరక్కాయలు ఎన్ని దినాలు నానబెట్టేటోడు?" అంటే కొంచెంసేపు సప్పుడు చెయ్యలే. "నాకేం ఎరుక బిడ్డా, ఆయన చెప్తుంటే నేను విన్ననా" అన్నడు.

రెండేండ్లకు నన్నే కొత్తోల్లకు నేర్పియ్యమన్నరు. సౌదీ పిలగాండ్లు, చదువుకున్న ఆడపిల్లలు కూడ వచ్చిన్రు. అప్పటిదాంక నేను ఈ దేశంల రఫీక్‌నే, మనసొంటి కూలోల్లను గట్ల పిలుస్తరు, వీళ్లు మాత్రం ముఅల్లిం అన్నరు, పెద్ద మేస్త్రీని ఇక్కడ గట్లనే పిలుస్తరు. ఆడ 1881ల పూర్తయిన నసీఫ్ ఇల్లుంది, దాని ముందట వేపచెట్టు, ఒకప్పుడు పాత ఊరంతటికి అదొక్కటే చెట్టంట. పనైనంక ఆ దిక్కు పోతే నిలబడి చూస్త, మన వేపాకే.

ఇప్పుడు మన దిక్కు గుడులు, ఖిల్లాలు తలుచుకుంటే పాణం ఉసూరుమంటది. పానగల్లు ఛాయా సోమేశ్వరం, సూర్యాపేట పిల్లలమర్రి, మా దేవరకొండ ఖిల్లా. మనకు చేతకాక కాదు, శ్రీశైలం డ్యాం నీళ్లల్ల మునుగుతదని కూడలి సంగమేశ్వరం గుడిని రాయికి రాయి విప్పి ఆలంపూర్ల మళ్ల నిలబెట్టిన్రు కదా. కుతుబ్‌షాహీ సమాధులకు కూడ 2013 నుంచి సున్నంతోనే పని చేసిన్రు. గని పోయిన లీవుల మా దగ్గర ఒక చిన్న పాత గుడికి పోతే ఊరోల్లు చందాలేసుకొని సిమెంటు పూసిన్రు, స్తంభాల మీద చెక్కిన హారాలు, గజ్జెలు ఆయిల్ పెయింటు కింద పూడిపోయినయి. వాళ్లది భక్తే, వాళ్లను ఏమనబుద్ధి కాలే, ఇట్ల చెయ్యొద్దని చెప్పేటోడు ఒక్కడు లేకపాయె.

పాలమూరు, నల్గొండ మేస్త్రీలు ఏ దేశం పోయినా గోడ నిలబెడ్తరు. ఆ చేతులకే, మన వడ్డెరోల్లకే, పురావస్తు శాఖోల్లు ఈ గుడుల దగ్గర్నే ఆర్నెల్లు నేర్పియ్యాలె, రోజుకూలి ఇచ్చుకుంట నేర్పియ్యాలె. కూలి లేకుంటే ఎవరూ రారు, నేను కూడ జీతమిచ్చిన్రనే నేర్చుకున్న.

దసరాకు లీవు దొరికింది. తాత గానుగ రాయి ఇన్నేండ్లు మా ఇంటి ముందట కూసునే బండ లెక్క పడి ఉంది. మొన్న నాయిన వీడియో కాల్ చేసిండు, పక్కింటి పిలగాండ్లతోని దాన్ని లేపి గోడకు నిలబెట్టిచ్చిండు, నడిమి బొక్కల గట్టిపడ్డ మట్టిని పుల్లతోని తీసుకుంట అడిగిండు, "కరక్కాయలు ఒక కిలో తెచ్చి పెట్టన్నా బిడ్డా?"