ఎండువాగులో ఊడని నట్టు

నిన్న రాత్రి ఇల్లు చేరేసరికి నా రెండు బొటనవేళ్ల మీదా తోలు లేచిపోయి ఉంది. ఇంకా మంట తగ్గలేదు. అయినా ఇవాళే రాస్తున్నాను. నాలుగు రోజులు ఆగితే కోపం చల్లారిపోయి, "ట్రిప్పు బాగా జరిగింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తానేమో అని నా భయం.

ఎండు గుట్టల్లో గ్రావెల్ బైక్ మీద, అంటే మట్టి, కంకర దారులకు సరిపోయే సైకిలు మీద, 62 కిలోమీటర్లు. మొదటి 24 మట్టిరోడ్డు, ఎక్కుడు. తర్వాత 11 కిలోమీటర్లు రెండు కొండల మధ్య ఇరుకు లోయలో, నీళ్లు లేని వాగు అడుగునే దారి. చివరి 27 మళ్లీ మట్టిరోడ్డు. తోడు వచ్చింది ఒక్క అక్క. తోబుట్టువు కాదు, కానీ ఈ దారుల్లో నాకంటే పదేళ్లు ముందు నుంచి తిరుగుతున్న మనిషి.

ముందు అనుమతి సంగతి చెప్పాలి. అది రక్షిత ప్రాంతం, కాగితం లేకుండా లోపలికి వెళ్లకూడదు. ఆ నియమం మంచిదే, నేను తప్పుపట్టను. కానీ ఫారంలో "వాహనం నంబరు" అని ఒక గడి ఉంది, అది ఖాళీగా ఉంటే తీసుకోరట. సైకిలుకు నంబరు ఎక్కడిది? కౌంటరులో ఉన్నాయన "నంబరు లేకపోతే వాహనం కాదు, వాహనం కాకపోతే ఈ ఫారం మీది కాదు" అని మొహం తిప్పేసుకున్నాడు. గంటన్నర నిలబెట్టాక, వెనక బల్ల దగ్గరున్న కుర్రాడు లేచి వచ్చి ఫ్రేము నంబరు రాయమన్నాడు. అది పెడళ్ల ఇరుసు కింద చెక్కి ఉంటుంది. వరండాలో సైకిలు తలకిందులు చేసి, మోకాళ్ల మీద కూర్చుని చదివి రాశాను. మీరు ముందే ఆ నంబరు ఫొటో తీసి పెట్టుకోండి. ఆ కుర్రాడికి పుణ్యం ఉంటుంది, కౌంటరు పెద్దమనిషి గురించి ఇంకేం అనను.

మట్టిరోడ్డు హాయిగా గడిచింది. ఎక్కుడూ అంతే. పన్నెండేళ్లుగా తొక్కుతున్నాను, ఒక్క రోజులో 300 కిలోమీటర్లు రెండుసార్లు పూర్తి చేశాను, కాళ్ల విషయంలో నాకెప్పుడూ బెంగ లేదు.

లోయ మొదట్లో అక్క ఆగింది. ముందు ఆకాశం చూసింది. మన నెత్తిన ఉన్నది కాదు, వాగు పుట్టే వైపు కొండల మీదున్నది. ఇలాంటి చోట వాన మన మీద పడనక్కర్లేదు. 1997 ఆగస్టు 12న అమెరికాలోని అరిజోనాలో ఆంటిలోప్ కాన్యన్‌లో 11 మంది వరదలో కొట్టుకుపోయారు. వాన కురిసింది ఎక్కడో మైళ్ల అవతల, ఎగువన. రాతినేల నీటిని పీల్చుకోదు, పడిందంతా ఇరుకులోకే దూకుతుంది. వేగంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్లు ఉంటే చాలు, నిలబడ్డ మనిషిని పడగొట్టేస్తాయి. నిన్న ఉదయం ఎగువన ఒక్క మబ్బు కూడా లేదు. టైర్లలో గాలి తగ్గించి దిగాం. నావి 45 మిల్లీమీటర్ల వెడల్పున్న ట్యూబ్‌లెస్ టైర్లు, నా బరువు 68 కిలోలు. రోడ్డు మీద గాలి ఒత్తిడి 34 పీఎస్ఐ పెడతాను, ఇసుకలోకి దిగేముందు 24కు దించాను.

ఇసుకలో తొక్కడం ఒక విద్య, అది నాకు నిన్నే తెలిసింది. హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే ముందు చక్రం ఇసుకలోకి దిగబడుతుంది. వేళ్లు వదులుగా ఉంచి, బరువు కాస్త వెనక్కి వేసి, తేలిక గేరులో ఆపకుండా తిప్పుతూ, చూపు చక్రం మీద కాకుండా ఇరవై అడుగుల ముందు పెట్టాలి. వాగును కూడా చదవాలని అక్క చూపించింది. వంపులో లోపలి వైపు నీళ్లు నెమ్మదిస్తాయి కాబట్టి మెత్తటి ఇసుకంతా అక్కడే మేటవేస్తుంది. వెలుపలి వైపు వడి ఎక్కువ, అక్కడ ఇసుక కొట్టుకుపోయి గులకరాళ్లు మిగులుతాయి. చూడటానికి భయంగా ఉన్నా చక్రం నిలిచేది ఆ రాళ్ల మీదే. రంగు ముదురుగా కనిపించే ఇసుకలో ఇంకా తడి ఉంటుంది, అది గట్టిగా ఉంటుంది. తెల్లగా పొడిగా మెరిసేదాన్ని నమ్మొద్దు.

నాలుగో కిలోమీటరు దాకా ఇదే పని. కిందపడ్డాను, లేచాను, నేర్చుకున్నాను. జీపీఎస్ మాత్రం ఎత్తైన రాతిగోడల మధ్య పిచ్చిదైపోయింది. ఉపగ్రహాల సంకేతం గోడలకు తగిలి తిరిగి వస్తుంది కదా, మనల్ని ఒకసారి కొండ మీద, ఒకసారి కొండ లోపల చూపిస్తుంది. ఒకచోట వాగు రెండుగా చీలింది. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన రూట్ ఫైల్, అంటే జీపీఎస్‌లో వేసుకునే దారి గీత, ఎడమవైపు పొమ్మంది. అక్క అప్పటికే కుడివైపు నుంచి ముందుకు వెళ్లిపోయింది. నేను ఫైల్‌ను నమ్మాను. ఆ దారి నూటయాభై అడుగులు పోయి ఒక గడ్డి మైదానంలో తేలింది. గడ్డి మధ్యలో నేలకు అతుక్కుని పసుపుపచ్చ పూల తీగ పాకి ఉంది. పూలను చూసి ముచ్చటపడ్డానే తప్ప అది పల్లేరు అని తోచలేదు.

పల్లేరుకాయ ఎండితే ఐదు ముక్కలవుతుంది. ప్రతి ముక్కకూ గట్టి ముళ్లు. ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. వెనక్కి తిరిగి వాగులోకి వచ్చి చక్రాలు చూసుకుంటే గుండె జారిపోయింది. ముందు టైరు నిండా ముళ్లు, ప్రతి ముల్లు చుట్టూ తెల్లటి బుడగలు. రెండు నిమిషాల్లో ఆ బుడగలు ఆగిపోయాయి, గాలి నిలిచింది. లోపలున్న సీలెంట్ రబ్బరు పాలలాంటిది, గాలి దూసుకుపోయే చోట గడ్డకట్టి చిల్లు మూసేస్తుంది. ఆ టైరు నెల కిందట కొత్తగా వేయించింది. వెనక టైరులో బుడగలు రాలేదు. సన్నటి ఈల వినిపించింది, అంతే. రిమ్ము రాయిని తాకింది.

అక్క వెతుక్కుంటూ వెనక్కి వచ్చేసరికి అరగంట పట్టింది. ఏమీ అనలేదు. వెనక చక్రం విప్పి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. సీలెంట్ ఉంటే గలగలమని వినపడుతుంది. చప్పుడే లేదు. "ఎప్పుడు పోయించావు?" అంది. ఏడు నెలలు. పొడి ఎండల్లో రెండు మూడు నెలలకే ఎండిపోతుందని నాకు తెలుసు. పొద్దున బయలుదేరే ముందు "అన్నీ చూసుకున్నావా?" అని ఆవిడ అడిగితే "చూసుకున్నా అక్కా" అన్నది నేనే. ఆ మాట ఆవిడ గుర్తు చేయలేదు. చేసి ఉంటే బావుండేది, ఆ మౌనం ముందు తలెత్తలేకపోయాను.

ఒక్క చిల్లయితే ప్లగ్ పెట్టేవాళ్లం. ఇది జల్లెడ. లోపల ట్యూబ్ వేయడమొక్కటే మార్గం, ట్యూబ్ నా దగ్గరే ఉంది. పావుగంట పని అనుకున్నాను. ట్యూబ్ వేయాలంటే ట్యూబ్‌లెస్ వాల్వ్ తీసేయాలి, రిమ్ముకు వాల్వ్ కోసం ఉన్నది ఆ ఒక్క రంధ్రమే. వాల్వ్ తీయాలంటే దాన్ని రిమ్ముకు పట్టి ఉంచే చిన్న గుండ్రటి నట్టు విప్పాలి. చేత్తో తిప్పితే ఊడే నట్టు అది. చేత్తోనే బిగించాల్సిన నట్టు.

ఊడలేదు. వేళ్లతో తిప్పాను. చెమటకు జారింది. చొక్కా అంచు చుట్టి తిప్పాను. చేతిగ్లోవు తిరగేసి పట్టుకున్నాను. టైరు ఊడదీసే లీవర్లు రెండూ చెరోవైపు పెట్టి నొక్కాను, ప్లాస్టిక్ కదా, అంచు చిట్లింది. నా టూల్ కిట్‌లో పదకొండు పనిముట్లున్నాయి, పటకారు లేదు. అక్క కిట్‌లోనూ లేదు. దగ్గరగా చూస్తే నట్టు అంచున రెండు వైపులా పళ్ల గాట్లు. బిగించినవాడు పటకారుతో బిగించాడన్నమాట. అంత గట్టిగా బిగిస్తే అడుగున ఉన్న రబ్బరు నలిగిపోతుంది, పైగా ఎండిన సీలెంట్ మరల్లోకి దిగి జిగురులా పట్టేస్తుంది. దుకాణంలో పటకారు చేతిలో ఉన్న మనిషికి, లోయలో ఉత్త చేతులతో ఉన్న మనిషి గుర్తుకు రావాలి కదా! డబ్బులు తీసుకుని చేసే పనిలో ఆ మాత్రం ఆలోచన లేకపోతే ఎలా?

నలభై నిమిషాలు గడిచాయి. నీళ్లు లీటరున్నర మిగిలాయి. ఎగువన కొండ వెనక తెల్లటి మబ్బొకటి లేస్తోంది. అప్పుడు అక్క నా తలపైన ఉన్న పొదను చూపించింది. కొమ్మల మధ్య ఎండుగడ్డి, పుల్లలు, ఒక చెప్పు చిక్కుకుని ఉన్నాయి. పోయినసారి వరద అక్కడిదాకా వచ్చింది. నేను చెయ్యి చాపినా అందని ఎత్తు అది. మారు మాట్లాడకుండా సైకిళ్లు భుజాన వేసుకుని ఆ పొద కంటే పైనున్న బండ మీదికి ఎక్కాం. మబ్బు ఎటో చెదిరిపోయిందనుకోండి, కానీ ఎక్కడం సరైన పనే. మీరు కూడా వాగులో ఆగాల్సి వస్తే ముందు ఆ చెత్త గీత ఎక్కడుందో చూసుకుని దానికంటే పైన కూర్చోండి, మిగతా పనులన్నీ ఆ తర్వాతే.

నట్టును చివరికి విప్పింది రాళ్లు. ఆ బండ ఇసుకరాయి, ముట్టుకుంటే ఉప్పుకాగితంలా గరుకు. అరచేతిలో పట్టే చదునైన పలకలు రెండు ఏరి, నట్టుకు చెరోవైపు ఆనించి అక్క రెండు చేతులతో నొక్కి పట్టింది. నేను టైరు ఒకవైపు తెరిచి, వాల్వ్ అడుగును లోపలి నుంచి రెండు బొటనవేళ్లతో పైకి తోస్తూ చక్రాన్నే తిప్పాను. రెండుసార్లు జారింది. మూడోసారి కిర్రుమంది. ఆ చప్పుడుకు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తర్వాత రెండు వేళ్లతోనే ఊడి వచ్చింది.

టైరు లోపల పాలమీగడ ఎండినట్టు పలచటి పొర మాత్రం మిగిలింది. ఆ పొర మీద ముళ్ల కొనలు. బయట తల విరిగిపోయినవాటికి కొన లోపలే ఉండిపోతుంది. గుడ్డ వేసి గుండ్రంగా తుడుస్తూ, చిక్కుకున్న చోటల్లా ఆగి తీశాను. ఇరవై మూడు. ట్యూబ్ వేశాం, గాలి కొట్టాం, బయలుదేరాం. కిలోమీటరున్నరకే మళ్లీ దిగిపోయింది. ఇరవై నాలుగోది అంచు దగ్గర మడతలో ఉంది. గుడ్డ అక్కడిదాకా తీసుకెళ్లలేదు నేను. తొందరపడి చేసిన తప్పు అది, ఎవరినీ అనడానికి లేదు. ప్యాచ్ వేసుకుని, ఈసారి గుడ్డతోనూ వేళ్లతోనూ రెండు చుట్లు తడిమాను. వేళ్లకు రెండుచోట్ల రక్తం వచ్చింది.

ఆ తర్వాత లోయంతా ఎలా దాటామో పెద్దగా చెప్పడానికేం లేదు. ఇసుక ఉన్నచోట నడిచాం, రాళ్లున్నచోట తొక్కాం. సాయంత్రం ఎండ పైగోడ అంచుకు ఎక్కి రాయి ఎర్రగా వెలిగింది. చల్లగాలి వాగు వెంట కిందికి దిగడం మొదలైంది. అక్క ఈల వేసుకుంటూ పోతోంది. పొద్దున్నుంచి అప్పుడే తలెత్తి నిజంగా లోయను చూశాను. మళ్లీ రావాలనిపించింది, అంత కష్టం మీద కూడా.

ఒక్క మాట మాత్రం కోపంగానే చెబుతాను. ఆ గడ్డి మైదానంలో రూట్ ఫైల్ పుణ్యమా అని నాకంటే ముందు ఇంకెవరెవరో తొక్కిన చాళ్లు కనిపించాయి. ఎండునేల మీద పైపొర నాచు, సూక్ష్మజీవులు కలిసి ఏళ్ల తరబడి కట్టుకున్న పొర అయి ఉండవచ్చు. ఒక చక్రం పోతే అది మళ్లీ కట్టుకోవడానికి సంవత్సరాలు పడుతుంది, ఈలోగా నేల గాలికి లేచిపోతుంది. దారి తప్పినవాళ్లు తమ తప్పుడు గీతను దిద్దకుండా లోకానికి పంచిపెట్టడం పాపం. నేను రాత్రే ఆ ఫైల్‌ను సరిచేసి, చీలిక దగ్గర కుడివైపుకు మార్చి, పల్లేరు ఉందని గుర్తు పెట్టి ఎక్కించాను.

కిట్‌లోకి అరచేతి పొడవు పటకారు ఒకటి చేరింది. రెండు టైర్లలోనూ కొత్త సీలెంట్ పోశాను, తేదీ రాసి ఫ్రేముకు అతికించాను. పాత నట్టు గాట్లతో సహా నా ముందు బల్ల మీదే ఉంది. రేపు దుకాణం తెరవగానే తీసుకెళ్లి, బిగించిన మనిషి చేతిలో పెట్టి, వేళ్లతో విప్పి చూపించమంటాను.