91 శాతం దగ్గర మొదలైన మంగళవారం

మా సర్వర్ల మీద వర్చువల్ మెషీన్లు (ఒకే కంప్యూటర్ లోపల నడిచే విడివిడి కంప్యూటర్లు) అడిగినవాళ్లకి ఇచ్చి చూసుకోవడం నా పని. పొద్దున ఎనిమిదిన్నరకి తెరమీద కనిపించిన మొదటి అంకె: తిన్ పూల్ 91 శాతం. రాత్రి 84 ఉంది. బయట జల్లు, సర్వర్ గదిలో ఏసీ కింద పెట్టిన బకెట్ సగం నిండింది.

తిన్ పూల్ అంటే మెషీన్లన్నీ పంచుకునే డిస్కు నిల్వ, బ్యాంకు లాంటిదే. అసలున్న డిస్కు 4 టెరాబైట్లు, 22 వర్చువల్ మెషీన్లకి రాసిచ్చింది 7. అందరూ ఒకేసారి అడగరన్న నమ్మకం మీద నడుస్తుంది. పూర్తిగా నిండితే 60 సెకన్ల పాటు రాతలు క్యూలో నిలబడతాయి, అప్పటికీ చోటు దొరక్కపోతే ఎర్రర్లు మొదలవుతాయి. తప్పు చేసింది ఒక మెషీనే అయినా దెబ్బ పూల్ మీద ఉన్న అందరికీ. ఇంకోటి, పూల్ లెక్క చూపించే ఎల్‌వీఎస్ కమాండ్‌లో డేటా శాతం పక్కనే మెటాడేటా (ఏ బ్లాకు ఎవరిదో రాసుకునే చిట్టా) శాతం అని ఇంకో నిలువు వరస ఉంటుంది. అందరూ మొదటిది చూసి ఊరుకుంటారు. రెండోది నిండితే ఆ రిపేరు చాలా కష్టం.

కారణం వెతకడానికి పెద్దగా పట్టలేదు. తుఫాను మోడల్ నడిపే మెషీన్‌కి శనివారం ఎవరో స్నాప్‌షాట్ (ఆ క్షణాన డిస్కు ఎలా ఉందో పట్టి ఉంచే నకలు) తీసి వదిలేశారు. స్నాప్‌షాట్ ఉన్నంతకాలం కొత్తగా రాసిన ప్రతి బ్లాకు వెనకా పాత బ్లాకు అలాగే ఉండిపోతుంది. పైగా ఆ మోడల్ రోజూ అవుట్‌పుట్ రాసి, పాతది చెరిపేస్తూ ఉంటుంది. లోపల ఫైలు చెరిపితే ఆ సంగతి కింద ఉన్న హోస్టుకి, అంటే మెషీన్లని మోసే అసలు సర్వర్‌కి, తెలియదు. తెలియాలంటే రెండు కావాలి: డిస్కు సెట్టింగుల్లో డిస్కార్డ్ (ఖాళీ బ్లాకులు తిరిగివ్వనిచ్చే సెట్టింగు) ఆన్ అయి ఉండాలి, లోపల ఎఫ్‌ఎస్‌ట్రిమ్ (ఏవి ఖాళీయో కిందికి చెప్పే కమాండ్) నడవాలి. ఈ మెషీన్‌కి మొదటిదే లేదు. లోపల చూస్తే 38 శాతమే వాడకం, బయట పూర్తి సైజు లెక్క.

స్నాప్‌షాట్ తీసేస్తే 83కి దిగింది. డిస్కార్డ్ పెట్టి, మెషీన్‌ని పూర్తిగా ఆపి మళ్లీ లేపి, ఎఫ్‌ఎస్‌ట్రిమ్ కొట్టాక 66. లోపల్నుంచి రీబూట్ చేస్తే చాలదు. కొత్త డిస్కు సెట్టింగు, హోస్టు మీద ఆ మెషీన్‌ని నడిపే క్యూఈఎంయూ ప్రాసెస్ మళ్లీ మొదలైతేనే అమలవుతుంది.

ఈ పని మొత్తంలో ఇవ్వడం తేలికే. బటన్ నొక్కితే మెషీన్ వస్తుంది. తిరిగి రాబట్టడం దగ్గరే ఉంది తంటా, విశాఖ ఎంవీపీ కాలనీలో ఇల్లు అద్దెకిచ్చిన వాళ్లని అడిగినా ఇదే చెప్తారు. లెక్కల పనులని (జాబ్‌లని) వరసలో నడిపే స్లర్మ్ లాంటి జాబ్ షెడ్యూలర్‌లో ఈ గొడవ పుట్టదు. జాబ్‌కి గడువు ఉంటుంది, దాటితే ఆగమని సిగ్‌టర్మ్ సంకేతం, మామూలుగా 30 సెకన్ల తర్వాత బలవంతంగా ఆపే సిగ్‌కిల్, ఖాళీ. వర్చువల్ మెషీన్‌కి పుట్టుకతో గడువు లేదు, మనమే కట్టాలి.

మరి షెడ్యూలర్ ఒక్కటే పెట్టుకోవచ్చు కదా అంటే, పదకొండింటికి వచ్చిన అభ్యర్థనే జవాబు. ఒకరికి పాత నెట్‌సీడీఎఫ్‌ (శాస్త్రీయ డేటా లైబ్రరీ)తో కంపైల్ చేసిన మోడల్ కావాలి, ఇంకొకరికి కొత్తది కావాలి, ఇద్దరికీ రూట్ (మెషీన్ మీద పూర్తి అధికారం) కావాలి. ఒకే లినక్స్ మీద ఇద్దరికీ రూట్ ఇస్తే సాయంత్రానికి ఇద్దరిదీ పనిచేయదు. ఎన్నో సంస్థల కంప్యూటర్లని కలిపి వాడుకున్న గ్రిడ్ రోజుల్లో గ్రిడ్‌మ్యాప్ ఫైలులో సర్టిఫికెట్ పేరుని లోకల్ యూజర్ ఖాతాకి ముడిపెట్టేవాళ్లు. మనిషి ఎవరో తేలేది కానీ, అతనికి కావలసిన లైబ్రరీ ఆ దూరపు మెషీన్‌లో ఉందా లేదా అన్నది అదృష్టం. 2007లో వర్చువల్ మెషీన్లు నడిపే కేవీఎం లినక్స్ కెర్నల్‌లోకి వచ్చాక ఎవరి రూట్ వాళ్ల గోడల మధ్యే ఉండేలా చేయడం చవకైంది.

ఆ ఇద్దరికీ కొత్త మెషీన్లు రెండూ టెంప్లేట్ (నమూనా మెషీన్) నుంచి క్లోన్ చేస్తే రెండింటికీ ఒకే ఐపీ అడ్రస్. ఎవరికో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) వెళ్తోంది, ఎవరికో రావట్లేదు, రెండు నిమిషాలకోసారి తారుమారు. మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్ కార్డుల గుర్తులు) వేరుగానే ఉన్నాయి. ఉబుంటు లినక్స్‌లో ఐపీలు పంచే డీహెచ్‌సీపీకి చూపే గుర్తింపు మ్యాక్ నుంచి కాకుండా మెషీన్-ఐడీ నుంచి తయారవుతుంది, అది టెంప్లేట్‌తో పాటే కాపీ అయింది. మందు: టెంప్లేట్‌గా మార్చేముందు ఈటీసీ ఫోల్డర్‌లోని మెషీన్-ఐడీ ఫైలుని ఖాళీ చేసి ఉంచాలి, మొదటి బూట్‌లో అదే కొత్తది పుట్టించుకుంటుంది. మెషీన్ తానెవరో చూపించుకునే ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలూ చెరిపేయాలి, లేకపోతే 22 ఇళ్లకీ ఒకే తాళం.

మధ్యాహ్నం ఒక కుర్రాడు, "అన్నా, నాది నిన్నట్నుంచి నత్తలా ఉంది." అతని మెషీన్‌లో టాప్ కమాండ్ తెరిస్తే సీపీయూ వరస చివరన ఎస్‌టీ అంకె 11. అసలు సీపీయూ మీద మన వంతు కోసం ఎదురుచూస్తూ పోయిన సమయం అది. సున్నాకి దగ్గరగా ఉండాలి. ప్రాక్టికల్ క్లాసుల మెషీన్లయితే ఒక అసలు కోర్‌కి మూడు వీసీపీయూలు (మెషీన్‌కి కనిపించే సీపీయూలు) ఇచ్చినా పర్లేదు, పిల్లలు టైప్ చేసేదానికన్నా ఆలోచించేదే ఎక్కువ. చాలా ప్రాసెస్‌లు కలిసి చేసే ఎంపీఐ లెక్కలకి మాత్రం ఒకటికి ఒకటే. 16 ప్రాసెస్‌లలో ఒకటి వెనకబడితే మిగతా 15 బ్యారియర్ (అందరూ వచ్చేదాకా ఆగే చోటు) దగ్గర చేతులు కట్టుకు నిలబడతాయి. మెమరీ అయితే ఉన్నదానికన్నా ఎక్కువ రాసివ్వడం అసలు మాటే లేదు, 256 జీబీ హోస్టులో 16 మనకి ఉంచుకుని మిగతాదే పంచాలి. బెలూనింగ్ (వాడని మెమరీని మెషీన్ల నుంచి వెనక్కి లాగడం) నమ్ముకుంటే రాత్రి రెండింటికి, మెమరీ అయిపోతే ప్రాసెస్‌లని చంపే ఓఓఎం కిల్లర్ అందరికన్నా పెద్ద ప్రాసెస్‌ని, అంటే మూడు రోజులుగా నడుస్తున్న దాన్నే, తీసుకుపోతుంది.

ప్రాక్టికల్ మెషీన్లని ఆపకుండా పక్క హోస్టుకి తరలించాం. రెండు కదిలాయి, మూడోది మొరాయించింది. దాని సీపీయూ రకం 'హోస్ట్' అని ఉంది, అవతలిది పాత ప్రాసెసర్. అన్నిటికీ పాత ప్రాసెసర్లకీ తెలిసిన ఎక్స్86-64-వీ2 రకం పెడితే ఎక్కడికైనా పోతాయి కానీ ఒకేసారి ఎన్నో అంకెలు లెక్కకట్టే ఏవీఎక్స్2 పోతుంది, లెక్కలు కుంటుపడతాయి. వీ3 సరైన రాజీ, అన్ని హోస్టులూ దాన్ని మోయగలిగితే. గాజువాక వైపు ఉన్న రెండు హోస్టులని మాత్రం ఈ క్లస్టర్‌లో కలపలేదు. క్లస్టర్‌లో హోస్టులని ఒక మాట మీద ఉంచే కోరోసింక్‌కి 5 మిల్లీసెకన్ల లోపు స్థిరమైన నెట్‌వర్క్ కావాలి, ఊరు దాటొచ్చే లైను వానొస్తే ఏమంటుందో చెప్పలేం. అవి వేరే క్లస్టర్, లాగిన్ మాత్రం ఒకటే.

ఆ లాగిన్ కూడా గడువుదే. పబ్లిక్ కీలు మెషీన్ల మీద పెట్టడం మానేసి, ఎస్‌ఎస్‌హెచ్ సర్టిఫికెట్ 8 గంటలకి సంతకం చేసిస్తున్నాం. గ్రిడ్ ప్రాక్సీలు (అప్పట్లో వాడిన తాత్కాలిక సర్టిఫికెట్లు) మామూలుగా 12 గంటలు బతికేవి, అదే ఆలోచన. ఒక చిక్కుంది: గడువు చూసేది లోపలికి వచ్చేటప్పుడే. అప్పటికే తెరిచి ఉన్న సెషన్‌ని అది తెంచదు, టీమక్స్‌ (సెషన్‌ని తెరిచే ఉంచే ప్రోగ్రామ్)లో కూర్చున్నవాడు వారమైనా కూర్చుంటాడు.

అందుకే సాయంత్రం ఆరుకి స్క్రిప్ట్. ప్రతి మెషీన్‌కీ ముగింపు తేదీ ఉన్న ట్యాగ్ ఉంటుంది. మూడు రోజుల ముందు మెయిల్, గడువు రోజున మెషీన్ లోపలుండే గెస్ట్ ఏజెంట్ ప్రోగ్రామ్ ద్వారా షట్‌డౌన్, 5 నిమిషాలు ఆగి, దిగకపోతే బలవంతంగా స్టాప్. డిస్కు ఇంకో 14 రోజులు ఉంటుంది. ట్యాగ్ లేని మెషీన్‌ని స్క్రిప్ట్ ముట్టుకోదు, జాబితాలో ఎర్రగా చూపిస్తుంది. ఈరోజు ఎర్రవి రెండు, ఒకటి మనదే: మార్చిలో టెస్టు కోసం లేపింది.

"సార్, ఇంకో రెండు రోజులు" అని ఒక మెసేజ్. ట్యాగ్ మార్చాను. పూల్ 66.