కంట్రోలు బియ్యం

మా నాయనమ్మ ఏనాడూ రేషన్ బియ్యం అనలేదు. "కంట్రోలు బియ్యం" అనేది. చిన్నప్పుడు అది కూడా మసూరి, అక్కుళ్లలాగా ఒక రకం బియ్యం పేరేమో అనుకునేవాణ్ణి.

ఆ మాట రెండో ప్రపంచ యుద్ధం నాటిది. 1942లో బర్మా జపాను చేతికి చిక్కడంతో అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. మరుసటి ఏడాదే బెంగాల్ కరవు. ధాన్యం ధర మీద, రవాణా మీద, అమ్మకం మీద ప్రభుత్వం కంట్రోళ్లు పెట్టింది. పేదల మీద జాలితో కాదు, ఉన్న కాస్త గింజల్నీ సర్దడానికి. 1952లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో వాటిని ఎత్తేశారు. మా కోస్తా జిల్లాలు అప్పటికింకా ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. కంట్రోలు పోయినా నాయనమ్మ నోట్లో మాట మిగిలింది.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టినప్పుడు మా నాన్న కొత్త డీలరు. మనిషికి ఐదు కిలోలు, ఇంటికి 25 కిలోలకు మించకుండా. గోనెబస్తా మూతికుట్టు కొస దొరకబుచ్చుకుని లాగితే తాడంతా ఒక్క ఊపులో ఊడొచ్చేది. ఆ పని నాది. బస్తాలు గోడౌను నుంచే ఒకటి రెండు కిలోల తరుగుతో వచ్చేవి. ఆ తరుగు చివరికి ఎవరి సంచిలోంచి పోయేదో నేను నాన్నను అడగలేదు. అడగవలసింది.

తర్వాత ధర పెరిగింది, తగ్గింది. 2008లో మళ్లీ రెండు రూపాయలు, 2011లో ఒక రూపాయి, 2023 నుంచి ఉచితం. ఎన్నికలప్పుడు అందరూ మాట్లాడేది ఈ ధర గురించే. నాకు మాత్రం 2013 ఆహార భద్రతా చట్టం పెద్ద మలుపుగా కనిపిస్తుంది. అందులోనూ మనిషికి ఐదు కిలోలే. కాకపోతే అంతకుముందు అది ప్రభుత్వం పెట్టిన పథకం, ఇష్టం లేకపోతే మానేయవచ్చు. చట్టం వచ్చాక అది హక్కు.

వేలిముద్రల యంత్రాలు వచ్చేనాటికి నాన్న దుకాణం మానేశారు. విడి కార్డున్న నాయనమ్మను కొత్త డీలరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. నాట్లు వేసి అరిగిన వేలు. యంత్రం మూడుసార్లు కాదంది. కొంగుకు తుడుచుకుని నాలుగోసారి పెట్టింది. పచ్చదీపం వెలిగింది. ఎలక్ట్రానిక్ కాటా మీంచి దించిన సంచిని చేత్తో ఎత్తి చూసి, "మీ నాన్న కాటా కంటే ఇదే నయంరా" అంది.