పర్వతం నుంచి సముద్రం దాకా పన్నెండుగురం

ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరానికి పడమటి వైపున ఉన్న హిల్స్‌బరో, బీవర్టన్ పట్టణాల్లో కంప్యూటర్ చిప్పుల తయారీ మీద ఆధారపడి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. మాలో ఎవరైనా ఆగస్టు నెలాఖరులో ఒక శుక్రవారం ఆఫీసుకు రాలేదంటే, ఇండియా ప్రయాణమో, ఇంట్లో శుభకార్యమో అని అనుకునే ముందు హుడ్ టు కోస్ట్‌కు వెళ్లారేమోనని అడగడం ఇక్కడ మామూలే. మౌంట్ హుడ్ పర్వతం మీద ఆరు వేల అడుగుల ఎత్తున ఉన్న టింబర్‌లైన్ లాడ్జి దగ్గర మొదలై, పసిఫిక్ తీరంలోని సీసైడ్ పట్టణపు ఇసుకలో ముగిసే ఈ రిలే పరుగు దూరం దాదాపు 199 మైళ్లు, అంటే 320 కిలోమీటర్లు. హైదరాబాదులో బయలుదేరి విజయవాడ దాటి ఏలూరు దగ్గరపడేంత దూరం అది. ఆ దూరాన్ని 36 అంచెలుగా విడగొట్టి, పన్నెండుమంది ఒక్కొక్కరు మూడేసి అంచెల చొప్పున, పగలూ రాత్రీ ఆగకుండా పూర్తి చేయాలి. 1982లో బాబ్ ఫూట్ అనే ఆయన దీన్ని ప్రారంభించినప్పుడు పాల్గొన్నవి ఎనిమిది జట్లే. ఇప్పుడు వెయ్యికి పైగా జట్లు వస్తాయి, చోటు దొరకనివాళ్లు మరుసటి ఏడాదికి ఎదురు చూస్తారు.

మా జట్టులో తెలుగువాళ్లం ఏడుగురం, మిగిలినవాళ్లు ఇతర ప్రాంతాల సహోద్యోగులు, ఇరుగుపొరుగువాళ్లు. నాయకత్వం వహించినది నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ చాలాకాలంగా ఉంటున్న ఒకావిడ. వయసులో మాలో సగంమంది కంటే చిన్నదే అయినా అందరూ ఆవిడను అక్కా అనే పిలుస్తారు, ఎందుకంటే జట్టు కాగితాలు, వ్యాన్ల అద్దె, వాలంటీర్ల ఏర్పాటు అన్నీ ఆవిడ చేతి మీదుగానే నడుస్తాయి. పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల జట్లు తమ తరఫున ముగ్గురు వాలంటీర్లను ఇవ్వాలనేది నిబంధన. అర్ధరాత్రి ఒక పొలం గట్టున నిలబడి, వచ్చేవాళ్ల నంబర్లు చదివి కేకవేసే పనికి మనుషులను ఒప్పించడం పన్నెండుమంది రన్నర్లను కూడగట్టడం కంటే కష్టమని అక్క అంటే, ఆ ఏర్పాట్లు దగ్గరుండి చూశాక నేను కాదనలేకపోయాను.

ఆవిడ తయారు చేసిన అసలు వస్తువు మాత్రం ఒక స్ప్రెడ్‌షీటు. ప్రతి ఒక్కరి పది కిలోమీటర్ల సమయం, ప్రతి అంచె పొడవు, దాని ఎత్తుపల్లాలు అందులో ఉన్నాయి. మైలుకు సగటున పది నిమిషాల చొప్పున లెక్కవేస్తే 199 మైళ్లకు ముప్పై మూడు గంటల పైచిలుకు పడుతుంది. ఒక్కో అంచెలో ఒక్క నిమిషం ఆలస్యమైనా చివరికి అర గంట దాటిపోతుంది. ఎవరైనా ఒక అంచె ముగించగానే అసలు సమయాన్ని ఆ పట్టికలో ఎక్కించాలి, ఎక్కించగానే తరువాతి వరుసలన్నీ జరిగిపోతాయి. ఈ పందెంలో ఒక్కొక్కరి వాటాకు సగటున వచ్చేది పదహారు, పదిహేడు మైళ్ల పరుగే, అంటే ముప్పై మూడు గంటల్లో మూడు గంటల లోపు. మిగిలిన ముప్పై గంటలూ వ్యాను నడపడం, వేచి ఉండడం, తినడం, నిద్రపోవడానికి ప్రయత్నించడం, అన్నిటికంటే ముఖ్యంగా మన ముందువాడు చేరే వేళకు మనం సరైన చోట సరైన బట్టల్లో నిలబడి ఉండడం. బాగా పరుగెత్తే జట్టు కంటే బాగా లెక్కపెట్టే జట్టు సుఖపడుతుందని నా అభిప్రాయం.

పన్నెండుమందికి రెండు వ్యాన్లు. మొదటి వ్యానులోని ఆరుగురు తొలి ఆరు అంచెలు ముగించాక రెండో వ్యాను అందుకుంటుంది, తిరిగి మొదటి వ్యాను, ఇలా మూడు విడతలు. నేను మొదటి వ్యానులో మూడో మనిషిని. నెమ్మదిగా పరుగెత్తే జట్లను తెల్లవారుజామునే వదిలి, వేగవంతమైన జట్లను మధ్యాహ్నం దాకా ఆపడం ఇక్కడి పద్ధతి, అప్పుడే అందరూ ఇంచుమించు ఒకే వేళకు సముద్రం చేరతారు. మాకు ఇచ్చిన సమయం శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నర.

టింబర్‌లైన్ లాడ్జి ఆర్థిక మాంద్యం కాలంలో ప్రభుత్వం నిరుద్యోగులకు పని కల్పించడానికి కట్టించిన భవనం. 1937లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ స్వయంగా వచ్చి దాన్ని ప్రారంభించాడు. చేతితో చెక్కిన దూలాలు, పెద్ద రాతి పొయ్యి తీరికగా చూడవలసినవే గాని, ఆ ఉదయం మేము లోపల చూసింది మరుగుదొడ్డి వరుసను మాత్రమే. ఆగస్టు చివరలో కూడా లాడ్జి పైన శిఖరం మీద మంచు చారలు కనిపిస్తూనే ఉన్నాయి, చలికి మాటలు ముక్కలయ్యేవి. మా మొదటి రన్నరు వరంగల్ కుర్రాడు, జట్టులో అందరికంటే వేగమైనవాడు. మొదటి అంచె దాదాపు ఐదున్నర మైళ్లలో రెండు వేల అడుగుల దాకా దిగుతుంది. చూసేవాళ్లకు దిగుడు సులువనిపిస్తుంది. నిజానికి పల్లానికి పరుగెత్తేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే బరువును ఆపవలసి వస్తుంది కాబట్టి వాటి పోగుల్లో సన్నని చీలికలు ఏర్పడతాయి, ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు, మరుసటి రోజు ముదురుతుంది. అతనికి ఆ మరుసటి రోజే మూడో అంచె ఉంది.

"తమ్ముడూ, రోడ్డు లాగుతోంది గదా అని కాళ్లు వదిలేయొద్దు. రేపు పొద్దున కూడా ఇవే కాళ్లు," అంది అక్క.

"మీరు కంగారుపడకండి అక్కా, నెమ్మదిగానే దిగుతా," అన్నాడు వాడు. పట్టికలో ఉన్నదానికంటే నాలుగు నిమిషాల ముందే కింద గవర్నమెంట్ క్యాంపు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. అందరం చప్పట్లు కొట్టాం, అక్క మాత్రం కొట్టలేదు.

ఒకరి నుంచి ఒకరికి అందేది కర్ర కాదు, మణికట్టు మీద తట్టగానే చుట్టుకునే ఒక పట్టీ. నా మొదటి వంతు 26వ నంబరు హైవే పక్కన, పెద్ద దేవదారు చెట్ల నీడలో, ఇంకా దిగుడులోనే సాగింది. పక్కనే భారీ ట్రక్కులు దూసుకుపోవడం తప్ప చెప్పుకోదగినదేమీ జరగలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం నిషేధం కనుక నా అడుగుల చప్పుడు, వెనక వచ్చేవాళ్ల అడుగుల చప్పుడు వింటూ వెళ్లాను. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో శాండీ పట్టణంలో రెండో వ్యానుకు పట్టీ అప్పగించాం. అక్కడి నుంచి వాళ్లు పాత రైలు మార్గాన్ని బాటగా మార్చిన స్ప్రింగ్‌వాటర్ కారిడార్ మీదుగా, నెత్తిన ఎండతో పోర్ట్‌లాండ్‌లోకి వస్తారు.

మాకు దొరికిన ఐదున్నర గంటల విరామంలో ఇంటికి వెళ్లి స్నానం చేసి వచ్చే వీలుంది, అది స్థానిక జట్లకున్న అదృష్టం. తిండి విషయంలో మాత్రం మాలో రెండు పక్షాలు ఉండేవి. పులిహోర లేనిదే ప్రయాణమేమిటని ఒక పక్షం పెద్ద డబ్బా నింపి తెచ్చింది. పరుగుకు రెండు గంటల ముందు చింతపండూ నూనే కలిసి ఛాతీలో చేసే గొడవ రెండో విడతలో తేలిపోయింది. ఉప్పు వేసి ఉడికించిన బంగాళాదుంపలు, అరటిపండ్లు, పలుచని పెరుగన్నం ఆఖరు దాకా నిలిచాయి. వచ్చేవాళ్లెవరైనా అడిగితే నేను నిస్సంకోచంగా పెరుగన్నానికే ఓటు వేస్తాను.

సాయంత్రం ఏడున్నరకు విలామెట్ నది ఒడ్డున, హాథోర్న్ వంతెన దగ్గర రెండో విడత అందుకున్నాం. చీకటి పడ్డాక వ్యాను దిగే ప్రతి ఒక్కరూ, పరుగెత్తకపోయినా సరే, వెలుతురు పడితే మెరిసే వెస్టు వేసుకోవాలి. పరుగెత్తేవాళ్లకు తల మీద దీపం, ముందూ వెనకా మినుకుమనే చిన్న లైట్లు తప్పనిసరి. నా వంతు తొమ్మిది దాటాక వచ్చింది. 1931లో కట్టిన సెయింట్ జాన్స్ వంతెన ఎత్తైన గోపురాలు వెనకబడ్డాక, కొలంబియా నది దిశగా సాగే 30వ నంబరు హైవే మీద ఒక పక్క రైలు పట్టాలు, చమురు ట్యాంకులు, ఇంకో పక్క అడవి కొండ. వాహనాల గాలి తగిలినప్పుడల్లా తల మీది దీపపు వెలుగు ఊగేది. ముందు దూరంగా ఎర్రని చుక్కలు వరుసగా మినుకుమంటూ కనిపించేవి, ఒక్కో చుక్క ఒక్కో మనిషి. పగటిపూట ఎదుటివాడి నడుమూ భుజాలూ చూసి అలసట అంచనా వేయగలం, రాత్రిపూట ఆ చుక్క దగ్గరవుతోందా, దూరమవుతోందా అన్నది ఒక్కటే తెలుస్తుంది. నాకు ఈ పరుగు మొత్తంలో నచ్చినది ఆ యాభై నిమిషాలే. చూడడానికి ఏమీ లేనప్పుడు శ్వాస దానంతట అదే ఒక వరుసలో పడింది.

దారిలో దాటిన మనుషుల సంఖ్యను వ్యాను అద్దం మీద గీతలుగా గీసుకోవడం ఇక్కడ అన్ని జట్లూ పాటించే ఆచారం. మావాళ్లూ గీశారు. నాకది పెద్దగా రుచించలేదు. నెమ్మది జట్లను ముందు వదిలే పందెంలో వెనక బయలుదేరినవాడికి గీతలు ఎక్కువ రావడం ఏర్పాటులోనే ఉంది, అందులో గొప్పేముంది? మరునాడు ఉదయం నన్ను ఒక అరవై ఏళ్లావిడ చెయ్యి ఊపి దాటుకుపోయినప్పుడు, ఆవిడ వ్యాను మీద నేనూ ఒక గీతనై ఉంటాను.

సెయింట్ హెలెన్స్ సంత మైదానంలో రాత్రి ఒంటి గంటకు రెండో వ్యానుకు పట్టీ ఇచ్చాం. వాళ్లకు దక్కినది ఈ దారిలో కష్టమైన ముక్క: తీరపు కొండల్లోకి ఎక్కే కంకర రోడ్లు. వర్షాలు లేని ఆగస్టులో వందల వ్యాన్లు అదే కంకర మీద నడుస్తాయి కాబట్టి, దీపం వేస్తే దుమ్ము తప్ప ముందున్న బాట కనిపించదట. ఆ ఆరుగురిలో ముగ్గురు ముక్కుకు గుడ్డ కట్టుకుని పరుగెత్తారు. మేము మాత్రం ముందుగా మిస్ట్ అనే కుగ్రామం చేరి, ఒక గడ్డి మైదానంలో స్లీపింగ్ బ్యాగులు పరుచుకున్నాం. వందలమంది చుట్టూ అదే పని చేస్తున్నారు. వ్యాన్ల తలుపులు, మరుగుదొడ్ల తలుపులు, ఎవరిదో అలారం, వాలంటీర్లు కేకవేసే నంబర్లు. రెండు గంటలు పడుకున్నాం, అందులో నిద్ర ఎంతో చెప్పలేను. మంచు కురిసి సంచి పైభాగం తడిసిపోయింది.

ఇక్కడి నుంచి సీసైడ్ దాకా చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. అప్పటిదాకా మమ్మల్ని నడిపించిన స్ప్రెడ్‌షీటు ఇక కదలదు. రెండో వ్యాను ఎక్కడుందో, కొండ రోడ్డులో ఎంత ఆలస్యమైందో తెలిసే మార్గం లేదు. అక్క ముందే ఈ ఘడియ కోసం పట్టికను కాగితం మీద అచ్చు వేయించి రెండు వ్యాన్లలోనూ పెట్టింది, అనుకున్న వేళకు ఇరవై నిమిషాల ముందే మనిషిని ఎక్స్‌ఛేంజ్, అంటే పట్టీ చేతులు మారే చోటు దగ్గర నిలబెట్టాలని ఒక నియమం పెట్టింది. కొన్ని జట్ల రన్నర్లు వచ్చి చూస్తే అందుకునేవాళ్లు లేరు, వ్యాను ఇరుకు రోడ్డు మీద మైలు దూరంలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంది. వాళ్లు చేతిలో పట్టీతో చలిలో వణుకుతూ నిలబడడం చూశాక, కాగితమూ ఆ ఇరవై నిమిషాలూ ఎంత విలువైనవో అందరికీ అర్థమైంది. మావాడు తెల్లవారాక ఆరున్నరకు రావాలి. ఏడుకు పది నిమిషాలుండగా ఒళ్లంతా దుమ్ముతో, కనుబొమలు తెల్లబడి వచ్చాడు.

నా మూడో వంతు జ్యువెల్ పరిసరాల్లో, 202వ నంబరు రోడ్డు మీద. ఆ ప్రాంతంలో ఎల్క్ అనే పెద్ద దుప్పుల కోసం కేటాయించిన మైదానాలున్నాయి. నాకు దుప్పులేవీ కనిపించలేదు, పచ్చిక మీద పొగమంచు మాత్రం ఉంది. మొదటి మైలు కాళ్లు నావి కానట్టే ఉన్నాయి, మోకాళ్లు వంగనన్నాయి. ఆ తరువాత కండరాలు వేడెక్కి ఒక రకంగా ఒప్పుకున్నాయి. నాకంటే దారుణమైన స్థితి వరంగల్ తమ్ముడిది. కొద్దిపాటి పల్లం వచ్చినా అడుగు వేయలేక, ఎక్కుడు వస్తే బాగుండునని కోరుకున్నాడట. పట్టిక కంటే పదకొండు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు, నిన్న సంపాదించిన నాలుగు నిమిషాలకు అది వడ్డీ. అక్క ఏమీ అనలేదు, మజ్జిగ సీసా చేతికిచ్చింది.

మధ్యాహ్నం దాటాక ఓల్నీ దగ్గర ఆఖరిసారి పట్టీ అప్పగించి, మా వ్యాను సీసైడ్ చేరింది. 1806లో, అమెరికా ఖండం దాటి పసిఫిక్ తీరానికి అన్వేషణకు వచ్చిన లూయిస్, క్లార్క్ బృందంవాళ్లు తిరుగు ప్రయాణానికి కావలసిన ఉప్పు కోసం సముద్రపు నీటిని కాచినది ఈ తీరంలోనే. చొక్కాల మీద ఎండి తెల్లబడిన చెమట చారలు చూపించి, ఉప్పు మనమూ తయారుచేశామని ఒకరు అంటే, నవ్వడానికి కూడా పొట్ట కండరాలు సహకరించలేదు. పన్నెండో రన్నరు రాగానే జట్టంతా కలిసి గీత దాటడం ఆనవాయితీ. ఎండ వేళ పొడి ఇసుకలో ఆ వంద గజాలూ పన్నెండుమందీ ఒక్కలాగే నెమ్మదిగా కదిలారు. అచ్చు వేసిన కాగితం ప్రకారం మేము సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలకు చేరాలి. చేరింది ఆరు గంటల ఎనిమిది నిమిషాలకు. ఆ ఇరవై ఎనిమిది నిమిషాల్లో అత్యధిక భాగం కంకర రోడ్డు తినేసిందని లెక్క తేలింది.

మరునాడు ఉదయం బసలో మెట్లు దిగడానికి వరంగల్ తమ్ముడు రెయిలింగు పట్టుకుని వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగుతున్నాడు. అక్క కింద కాఫీ కప్పుతో నిలబడి, అక్టోబరులో మళ్లీ దరఖాస్తు పంపాలి కాబట్టి అంచెలు ఇప్పుడే రాసుకుంటే మంచిదంది.

"ఏదైనా ఇవ్వండక్కా, మొదటిది తప్ప," అన్నాడు వాడు, ఇంకా నాలుగు మెట్లు మిగిలి ఉండగానే.