వాడి మొక్కు వాడిది

మా పెద్దమ్మకు బెజవాడ పక్కనున్న గుణదల మరియమాత కొండ అంటే ఏటా ఫిబ్రవరిలో పెట్టుకునే అర్జీ. అందులో మొదటి పేరు ఆవిడ మరిదిది. పెదనాన్న పోయిన ఏడాది తిరక్కుండానే, ఉమ్మడి పొలంలో ఆవిడ వాటాకు దొంగ కాగితాలు పుట్టించాడాయన. అప్పట్నుంచీ కోర్టు, వాయిదాలు. ఎవరు కదిపినా పెద్దమ్మది ఒకటే మాట: "మరియమ్మ తల్లి చూస్తోంది. వాడి సంగతి దేవుడే చూసుకుంటాడు." వినడానికి భక్తిగానే ఉంటుంది. అందులో విశ్వాసం పాలెంతో, శాపం పాలెంతో ఇంట్లో అందరికీ తెలుసు.

ఈసారి తోడుగా నేను వెళ్లాను. ఏలూరు వైపు నుంచి వచ్చే ప్యాసింజరు బండిలో గుణదల స్టేషన్లోనే దిగిపోయాం, బెజవాడ దాకా పోయి వెనక్కి రానక్కర్లేకుండా. అసలు పండుగ 11న. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్త అనే పిల్లకు మరియమాత మొదటిసారి కనిపించిన రోజది. జనం మాత్రం 9 నుంచే కొండ కింద చాపలు పరిచేస్తారు. ఇక్కడ అనాథాశ్రమం నడిపిన ఆర్లాటి అనే ఇటలీ ఫాదర్ గారు 1924లో లూర్దు మాత స్వరూపాన్ని ఈ కొండ మీద పెట్టించారు. ఈ కొబ్బరికాయలూ, తలనీలాలూ, వరుసగట్టి నిలబడే హిందువులూ చూస్తే ఆయన ఏమనేవారో తెలీదు. నాకైతే ఇలాగే బాగుంటుంది. మనవాళ్లు దేవుడి దగ్గరికి వట్టి చేతులతో పోలేరు.

తలనీలాలిచ్చే చోట పెద్దమ్మ మరిది కనబడ్డాడు. ఒళ్లో మనవడు, పుట్టువెంట్రుకలు తీయిస్తున్నాడు. పెద్దమ్మ నాకన్నా ముందే చూసినట్టుంది. చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోబోయాను, కదల్లేదు. కత్తి తగలగానే పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, ఆయన వాడి రెండు చేతులూ పట్టుకుని ఏదో పాట పాడుతున్నాడు.

"ఈయన కూడా ఇక్కడికే వస్తాడా?" అన్నాను. గొంతు కొంచెం పెద్దదే చేశాను.

"ఇంకెక్కడికి పోతాడ్రా?" అంది పెద్దమ్మ. కాసేపాగి, "వాడి మొక్కు వాడిది. పద."

ఆ మాట అన్నందుకు ఆవిడే ఆశ్చర్యపోయినట్టుంది. కొండ ఎక్కినంతసేపూ నాతో మాట్లాడలేదు. యేసు శ్రమల బొమ్మలు వరుసగా ఉండే శిలువ మార్గంలో స్థలం స్థలానికీ మోకాళ్లూనడం, మూలుగుతూ లేవడం. జపం మాత్రం పైకే చెబుతోంది: "మా యొద్ద అప్పుబడిన వారిని మేము మన్నించునట్లు మా అప్పులను మీరు మన్నించండి." పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రోజూ చెప్పే జపమే.

నా బుర్రలో బైబిల్లోని యోనా తిరుగుతున్నాడు. నీనెవె నాశనమైపోతుందని ఊరంతా చాటి, ఏమవుతుందో చూద్దామని ఊరి బయట పందిరి వేసుకుని కూర్చున్న ప్రవక్త. వాళ్లేమో గోనెపట్టలు కట్టుకుని ఏడ్చారు, దేవుడు మనసు మార్చుకున్నాడు. యోనాకు ఒళ్లు మండిపోయింది. నువ్వు ఇలా జాలిపడతావని తెలిసే నేను మొదట్లోనే పారిపోయానంటాడు దేవుడితో! కుడియెడమలెరుగని లక్షా ఇరవై వేల మంది, బోలెడు పశువులు ఉన్న ఊరి మీద నేను జాలిపడొద్దా అని దేవుడు అడగడంతో ఆ పుస్తకం అయిపోతుంది. యోనా జవాబు అందులో లేదు.

తీర్పు దేవుడికి వదిలేశాం అంటూనే, అది ఎలా ఉండాలో కూడా మనమే రాసిచ్చేస్తాం. కాలో చెయ్యో పడిపోవాలి, పంట మునిగిపోవాలి. బైబిల్లో రోమా పత్రికలో "పగతీర్చుట నా పని" అని దేవుడన్న మాట మా చుట్టాల్లో అందరికీ కంఠతా వచ్చు. ఆ తర్వాతి వచనంలోనే శత్రువుకు ఆకలైతే అన్నం పెట్టమని ఉంది, అది ఎవరి నోటా వినలేదు. నిజంగా వదిలేస్తే, దేవుడు వాణ్ణి క్షమించినా మనం నోరెత్తకూడదు. నాకు ఇప్పటికీ ఇది మింగుడు పడలేదు.

సాయంత్రం పూజలో ప్రసంగం చేసిన ఫాదర్ గారు సిస్టర్ రాణి మరియ గారి సంగతి ఎత్తారు. మధ్యప్రదేశ్‌లో పేద రైతుల తరఫున నిలబడిందని పెద్దరైతులు కక్షగట్టారు. 1995 ఫిబ్రవరి 25న ఇండోర్ వెళ్లే బస్సులో, ప్రయాణికులు చూస్తుండగానే సమందర్ సింగ్ అనే అతను కత్తితో పొడిచి చంపాడు. 2002లో ఆమె చెల్లెలు, ఆమె కూడా సిస్టరే, జైలుకు వెళ్లి అతనికి రాఖీ కట్టింది. విడుదలయ్యాక అతను కేరళలో ఆ ఇంటికి వెళితే, కూతుర్ని చంపిన చేతుల్ని తల్లి ముద్దుపెట్టుకుంది. జనంలో చాలామంది కళ్లొత్తుకున్నారు. నా దృష్టి మాత్రం ఇంకోచోట ఆగింది. అతను విడుదలైంది 2006లో. రాఖీ కట్టించుకున్న తర్వాత కూడా ఇంకా నాలుగేళ్లు జైల్లోనే ఉన్నాడు.

పూజ అయ్యాక పెద్దమ్మ పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్లింది. చాలాసేపటికి వచ్చి నేల మీద కూలబడింది.

"కేసు వెనక్కి తీసుకోమంటారా ఫాదర్ అని అడిగా."

"ఏమన్నారు?"

"నీ వాటా నువ్వు అడుగు, తప్పులేదన్నారు. వాడు నాశనమైపోవాలని మాత్రం తల్లిని అడగొద్దన్నారు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇన్నేళ్లూ అడిగింది అదేగా."

మర్నాడు తిరుగు బండిలో పులిహోర పొట్లం విప్పుతూ వాయిదా ఎప్పుడని అడిగింది. మార్చి మొదటి వారం అన్నాను.

"లాయరు గారికి ఫోన్ చెయ్యి. ఈసారైనా పాత పన్ను రసీదులు మర్చిపోకుండా పట్టుకురమ్మను."

"మరి ఆయన ఎదురుపడితే మాట్లాడతావా?"

"మాట్లాడమని ఎవరన్నారు? తిట్టడం మానేశాను, చాలదా?" ఒక ముద్ద తిని, "నిన్నట్నుంచే అనుకో" అంది.