టోబీయాకు ఇచ్చిన గది

సువార్త కూటాల్లో ప్రసంగం ముగిశాక ఒక పిలుపు వస్తుంది: "ప్రభువును హృదయంలో చేర్చుకునేవాళ్లు చేతులెత్తండి." ఎత్తేవాళ్లంతా కొత్తవాళ్లే కారు. ఏనాడో బాప్తిస్మం పొంది, నెలనెలా బల్ల (ప్రభురాత్రి భోజనం) తీసుకుంటున్నవాళ్లూ ఉంటారు. వాళ్లు నిరుడూ ఎత్తారు, ముందటేడూ ఎత్తారు. ఆ పిలుపులో తరచుగా వినబడే వాక్యం ప్రకటన 3:20, "ఇదిగో నేను తలుపునొద్ద నిలుచుండి తట్టుచున్నాను". అది అన్యులకు రాసింది కాదు, లవొదికయ సంఘానికి రాసింది. కాబట్టి చెయ్యెత్తిన పాత విశ్వాసిని తప్పుపట్టనక్కర్లేదు. కాకపోతే అతను ప్రభువును మళ్లీ వాకిట్లోకి పిలుస్తున్నాడే గాని, ఆయనకు ఇవ్వకుండా తాళం వేసి ఉంచిన గది ఊసెత్తడం లేదు.

అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు రాసిన ప్రార్థన ఈ గది గురించే. "క్రీస్తు మీ హృదయములలో విశ్వాసముద్వారా నివసించునట్లుగా" అని 3వ అధ్యాయంలో మోకాళ్లూని అడుగుతాడు. ఎవరి కోసం? 1:13 ప్రకారం అప్పటికే సువార్త విని, నమ్మి, ఆత్మచేత ముద్ర పొందినవాళ్ల కోసం. అక్కడ "నివసించు" అన్నదానికి గ్రీకు మాట కటొయికెయో. ఒక ఊళ్లో స్థిరపడి కాపురం ఉండడం దాని అర్థం. దారిన పోతూ నాలుగు రోజులు పరవాసిగా ఉండడానికి పరొయికెయో అనే వేరే మాట ఉంది. పౌలు దాన్ని వాడలేదు. దేవత్వపు సర్వపరిపూర్ణత క్రీస్తులో నివసిస్తోందని కొలస్సయి 2:9 చెప్పే చోటా మొదటి మాటే ఉంది. మన ఇళ్లల్లో గోడకు తగిలించే పలకల మీద క్రీస్తును ఇంటికి అధిపతి అనీ, భోజనానికి కనబడని అతిథి అనీ ఒక్కచోటే రాసి ఉంటుంది. అతిథికి మంచి కంచం పెడతాం గాని, బీరువా తాళాలు ఇవ్వం.

హృదయం అంటే బైబిలులో భావోద్వేగం ఒక్కటే కాదు. ఆలోచించేది, నిర్ణయాలు తీసుకునేది, లెక్కలు వేసుకునేది అన్నీ అదే. అందుకే పాట పాడేటప్పుడు కన్నీళ్లు వచ్చాయా లేదా అన్నది కొలత కాదు. ఈ నెల జీతం ఎటు పోయింది, ఎవరి పేరు వినగానే మొహం ముడుచుకుంటోంది అన్నది కొలత.

దీన్ని కళ్లకు కట్టేది నెహెమ్యా 13వ అధ్యాయం. యెరూషలేము ప్రాకారాన్ని నెహెమ్యా తిరిగి కట్టిస్తున్నప్పుడు, నక్క ఎక్కినా ఈ గోడ పడిపోతుందని ఎగతాళి చేసినవాడు అమ్మోనీయుడైన టోబీయా, నెహెమ్యాను భయపెట్టడానికి డబ్బిచ్చి మనిషిని పెట్టినవాడు. పారసీక రాజు అర్తహషస్త ఏలుబడి 32వ ఏట నెహెమ్యా రాజు దగ్గరికి వెళ్లాడు. తిరిగి వచ్చి చూస్తే ఆ టోబీయా మందిరపు ఆవరణలోనే ఒక పెద్ద గదిలో సామాను సర్దుకుని ఉన్నాడు. గోడ దూకి రాలేదు. గదుల మీద అధికారం ఉన్న యాజకుడు ఎల్యాషీబే ఇచ్చాడు. ఎందుకంటే చుట్టరికం. మన భాషలో చెప్పాలంటే మొహమాటం. హృదయంలో పరాయిది చేరేది కూడా ఎక్కువగా ఇలాగే. ఫలానా పాపం చేస్తానని ఎవరూ తీర్మానించుకోరు. పాత పరిచయం, కాదనలేకపోవడం.

ఆ గదిలో అంతకుముందు ఏముండేవో కూడా రాసి ఉంది: నైవేద్యాలు, సాంబ్రాణి, పాత్రలు, ధాన్యంలో ద్రాక్షారసంలో నూనెలో పదియవ భాగాలు. గది పోయాక మందిరంలో సేవ చేసే లేవీయులకు పాళ్లు అందలేదు. వాళ్లూ గాయకులూ ఎవరి పొలాలకు వాళ్లు వెళ్లిపోయారు. ఒక్క గది పరాయివాడిదైతే మందిరంలో పాటే ఆగిపోయింది. ప్రార్థన ఎందుకు ఎండిపోయిందా అని తల పట్టుకునేవాళ్లు ముందు చూడవలసింది ప్రార్థన సమయాన్ని కాదు, గదిని.

నెహెమ్యా ఆ గదిని ఖాళీ చేయించి, శుద్ధి చేయించి, మళ్లీ నింపాడు. అదే వరుసలో మనమూ చేయవచ్చు. బల్ల ఆరాధనకు ముందటి శనివారం సాయంత్రం ఒక అరగంట, ఒక కాగితం చాలు. ఎఫెసీ 4:25-32 నెమ్మదిగా, పైకి చదవాలి. అబద్ధం, కోపం, దొంగతనం, చెడ్డమాట, ద్వేషం: పౌలే వరుసగా చెబుతాడు. "అపవాదికి చోటియ్యకుడి" అన్నదీ ఇక్కడే, అదీ కోపం గురించి చెప్పిన వెంటనే. చోటు అంటే చోటే, జాగా. చదువుతూ ఎక్కడ గుండెకు తగిలిందో అక్కడ ఆగి రాయాలి. "కోపం" అని రాస్తే ఏమీ రాయనట్టే. "చిన్నాన్నతో పొలం గట్టు తగవు, సంక్రాంతి నుంచి మాటల్లేవు" అని రాయాలి. పేరు, మొత్తం, ఎప్పటి నుంచి. ఒకటో రెండో దొరికితే చాలు. ఇరవై రాసినవాడు ఒక్కటీ ఖాళీ చేయడు.

తర్వాత సామాను బయట పడేయాలి. నెహెమ్యా టోబీయాను ఒక మూలకు సర్దుకోమనలేదు. సామగ్రి అంతా అవతల పారవేశాడు. ఎఫెసులో నమ్మినవాళ్లు మాంత్రిక పుస్తకాలు తెచ్చి కాల్చినప్పుడు లెక్క 50,000 వెండి రూకలు తేలింది (అపొ. 19:19). అమ్ముకుని కానుక వేయవచ్చని ఎవరూ సలహా ఇవ్వలేదు. రాసుకున్నది డబ్బు సంగతైతే కన్నీళ్లతో తీరదు. లేవీయకాండం 6:5 అసలుకు అయిదో వంతు కలిపి ఇమ్మంటుంది: 1,000 రూపాయలు అన్యాయంగా పుచ్చుకుంటే 1,200. యేసు తన ఇంట దిగిన రోజు సుంకరి జక్కయ్య నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు.

ఇక శుద్ధి. ఇక్కడ చిన్న మాటే గాని చాలామంది దాటేస్తారు: నెహెమ్యా శుభ్రం చేయించింది "గది" కాదు, "గదులు". పక్క గదులకూ మైల అంటుతుంది. చిన్నాన్న మీద కోపం ఇంట్లో భార్య మీదా పిల్లల మీదా విసుగై బయటికి వస్తుంటుంది. ఒప్పుకునేటప్పుడు అదీ ఒప్పుకోవాలి.

ఎక్కువమంది బోర్లాపడేది ఆఖరి పని దగ్గర. నెహెమ్యా ఖాళీ గదికి తాళం వేసి పోలేదు. పాత్రలూ నైవేద్యాలూ సాంబ్రాణీ తిరిగి తెప్పించి పెట్టించాడు. మత్తయి 12:44లో ఊడ్చి అమర్చి ఉన్న ఇంట్లో లోపం ఒక్కటే, అందులో ఎవరూ లేరు. అందుకే వెళ్లిపోయిన దయ్యం మరో ఏడింటితో తిరిగి వచ్చి చేరింది. ఈస్టరుకు ముందటి ఉపవాసాల్లో ఏదో మానేసి, పండుగ మర్నాడే రెట్టింపుగా మొదలుపెట్టడానికి కారణం ఇదే. పౌలు ఎఫెసీ 4లో తీసినదాని చోట పెట్టవలసిందీ చెబుతాడు: దొంగిలించిన చేతికి కష్టపడి ఇచ్చే పని, చెడ్డమాట చోట క్షేమాభివృద్ధికి పనికొచ్చే మాట, ద్వేషం చోట క్షమాపణ. తగవు గుర్తొచ్చి నిద్ర పట్టని ఆ వేళకే చిన్నాన్న పేరు పెట్టి ప్రార్థన చేయాలి, పొద్దున్నే లేచి కాదు. సామాను ఏ గదిలోంచి పోయిందో పాత్రలు ఆ గదిలోకే రావాలి.

ఇదంతా పట్టుదలతో చేయబోతే వారానికల్లా చేతులెత్తేస్తారు. ఎఫెసీ 3:16లో పౌలు ముందు అడిగింది అంతరంగ పురుషునికి ఆత్మవలన బలం. నివసించడం ఆ తర్వాతే వస్తుంది. మనం ఊడ్చి పెడితే ప్రభువు వచ్చి ఉండడు. ఉన్న ప్రభువే ఊడ్చే ఓపిక ఇస్తాడు. కాబట్టి కాగితం తీయకముందే 3:14-19ని మన పేరు పెట్టుకుని ప్రార్థనగా చదవాలి. రెండు నిమిషాల పని.

అదే ప్రార్థనలో "సమస్త పరిశుద్ధులతో కూడ" అన్న మాట ఉంది. నెహెమ్యా గది శుద్ధి చేయించాక తాళం మళ్లీ ఒక్కడి చేతికి ఇవ్వలేదు. యాజకుడు షెలెమ్యా, శాస్త్రి సాదోకు, లేవీయుడు పెదాయా, వాళ్ల చేతి కింద హానాను: నమ్మకస్తులని పేరున్న నలుగురిని ఖజానా మీద పెట్టాడు. కాగితం మీద రాసినది సంఘంలో ఒక్కరికైనా చూపించాలి. ఆ ఒక్కరు మనకు మొహమాటం లేనివాళ్లై ఉండాలి. చుట్టాలు కాకపోతే మరీ మంచిది.