డస్ట్ అలర్జీ ఉన్న ఇంట్లో ముందు చూసుకోవలసింది పరుపు

తిరుపతిలో డస్ట్ అలర్జీ అనగానే అందరూ రోడ్డు మీది దుమ్మునే తప్పుపడతారు. మా అమ్మాయికి మాత్రం బయట తిరిగినంతసేపూ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. తెల్లవారుజామున పక్క మీద ఉండగానే తుమ్ములు మొదలై, ముక్కు కారి, కళ్లు దురదపెట్టి, బడికి బయలుదేరే వేళకు గానీ సర్దుకునేవి కావు. చర్మం మీద సూదితో కొద్దిగా గుచ్చి ఏది పడదో చూసే ప్రిక్ టెస్టులో ఆమెకు డస్ట్ మైట్లు పడవని తేలిన తరువాత మా దృష్టి వీధి నుంచి పడకగదికి మళ్లింది.

ఈ మైట్లు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండని ఎనిమిది కాళ్ల జీవులు. ఇవి కుట్టవు, కరవవు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టును తిని, పరుపుల్లోనూ దిండ్లలోనూ పెరుగుతాయి. అలర్జీ తెప్పించేవి ముఖ్యంగా వాటి మలంలోని ప్రోటీన్లు. ఇవి నీళ్లు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుంటాయి. అందుకే గాలిలో తేమ 50 శాతానికి దిగువనే కొనసాగితే ఎండిపోయి చస్తాయి. మే నెలలో కాస్త తెరిపిన పడే పిల్లకు అక్టోబరు, నవంబరు వానల్లో మళ్లీ ఎక్కువ కావడానికి కారణం ఇందులోనే ఉందని నా నమ్మకం.

మా అత్త స్వయంగా కుట్టిన బూరుగు దూది దిండు మీదనే పిల్ల పడుకునేది. దాన్ని తీసేద్దామన్నప్పుడు ఆమె, "ఏమ్మా, మిద్దె మీద ఎండలో వేస్తే చాలదా?" అని అడిగింది. ఆ మాటలో సగం నిజముంది. మన ఎండకు మైట్లు చాలావరకు చస్తాయి, కానీ అవి విడిచిన మురికి దూదిలోనే మిగిలిపోతుంది, దాన్ని ఉతికి వదిలించడం తప్ప మార్గం లేదు. "దూదిని ఉతకలేం కదా అత్తా" అన్నాక ఆమె కాదనలేదు. ఇప్పుడు పిల్లకు ఉతకడానికి వీలైన దిండు కొన్నాం.

అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది మైట్లను అడ్డుకోవడానికే తయారుచేసే పరుపు కవరు. పరుపు పైభాగానికి తొడిగే మామూలు కవరు దీనికి పనికిరాదు. ఆరు వైపులా మూసుకునేదై, నేత చాలా దగ్గరగా ఉండి, జిప్పుతో బిగిసేదై ఉండాలి. జిప్పు చివర వేలి గోరంత సందు మిగులుతుంది. అక్కడ మేము గట్టి టేపు అంటించాము. దుప్పట్లు, దిండు గలీబులు వారానికొకసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతుకుతాము. చన్నీళ్లతో ఉతికితే మురికి పోతుంది గానీ మైట్లు చాలావరకు బతికే ఉంటాయి. ఉతకడానికి వీలుకాని బొమ్మలను ఒక రోజంతా డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, ఆ తరువాత బాగా దులుపుతాము.

పొడి చీపురుతో ఊడ్చినప్పుడు ఆ మురికి గాలిలోకి లేచి, మళ్లీ కిందికి దిగడానికి అరగంట దాకా పడుతుంది. అందువల్ల తడిగుడ్డతో తుడవడమే మేలు. సంక్రాంతి ముందు బూజు దులిపే రోజున పిల్లను పక్కింటికి పంపిస్తున్నాము. సాంబ్రాణి పొగతో మైట్లు పోతాయనే మాటను నేను ఒప్పుకోను. ఆ పొగ అలర్జీ ఉన్న ముక్కును మరింత రేపుతుంది.

ఇంత చేసినా మందుల అవసరం పూర్తిగా తీరదు. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే తుమ్ములు వచ్చిన రోజున మాత్రమే వాడితే పెద్దగా ఫలితం ఉండదు, డాక్టరు చెప్పినన్నాళ్లు రోజూ వాడాలి. రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు ఉంటే అది ఆస్తమా కావచ్చు కనుక ఆలస్యం చేయకూడదు. మందులతో అదుపు కానివారికి ఇమ్యునోథెరపీ ఉంది. అది పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇస్తూ ఒంటికి అలవాటు చేసే, సాధారణంగా 3 నుంచి 5 ఏళ్లు సాగే చికిత్స. మా అమ్మాయికి దాన్ని మొదలుపెట్టాలా వద్దా అన్నది ఈ వానాకాలం ఎలా గడుస్తుందో చూసి, డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకుంటాము.